గంగమ్మ ఊపిరి గొట్టం

12 సెప్టెంబర్ 2011, సోమవారం

రెండు డ్రమ్ముల నీళ్లు పట్టాను. ఇడ్లీ పిండి రుబ్బాను. పురిటికి వచ్చిన మా అమ్మాయి సంతోషికి ఐరన్ టాబ్లెట్, నిమ్మరసం. పాత నూలు చీరలు చింపి పొత్తిగుడ్డలు చేశాను. బియ్యంలో రాళ్లు ఏరడం సగంలో ఆగింది. ప్రణతి వచ్చింది.

ప్రణతి యూనివర్సిటీలో ఫిజిక్స్ రీసెర్చ్ చేస్తున్న అమ్మాయి. ఎండాకాలం చివర ఎల్బీనగర్, నాగోల్ ఇళ్లల్లో చిన్న ప్లాస్టిక్ కప్పులు వేలాడదీస్తూ మా వీధికి కూడా వచ్చింది. మా ఇంట్లో ఒకటి హాల్లో కట్టింది, ఒకటి వెనక బావి గదిలో. మూడు నెలలు ముట్టుకోవద్దంటే నేను బూజు కూడా దులపలేదు. పోయిన వారం విప్పి తీసుకెళ్లింది. ఇవాళ ఫలితం తెచ్చింది.

కప్పు లోపల గోరంత ఎర్ర ఫిల్మ్ ముక్క ఉంటుంది. దాన్ని మందునీళ్లలో నానబెట్టి మైక్రోస్కోప్ కింద ఫొటో తీసిందట. ల్యాప్‌టాప్ మీద చూపించింది. హాల్లో ముక్క మీద అక్కడక్కడా తెల్లటి చుక్కలు. బావి గది ముక్కయితే జల్లెడే. ఒక్కో చుక్క ఒక్కో అణువు పేలి గుచ్చుకున్న చోటని చెప్పింది.

నేను కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను.

మన నేల కింద ఉన్న గ్రానైట్ వయసు రెండు వందల యాభై కోట్ల ఏళ్లట. అందులో రవ్వంత యురేనియం ఉంటుంది. అది తరిగి తరిగి ఇంకోటవుతుంది, ఆ ఇంకోటి మరోటవుతుంది. ఆ వంశంలో అందరూ రాళ్లలాగే కదలకుండా ఉంటారట. ఒక్కటి మాత్రం గాలిగా పుడుతుంది. దాని పేరు రేడాన్. గాలి కాబట్టి పుట్టిన చోట ఉండదు. పగుళ్లు పట్టుకుని పైకి వస్తుంది. పైన ఇల్లుంటే ఇంట్లోకి వస్తుంది. వాసన లేదు, రంగు లేదు. నాలుగు రోజుల్లో సగం మాయం. మాయమవుతూ కన్న పిల్లలే ఊపిరితిత్తులకు అంటుకుంటాయి. ఏళ్ల తరబడి పీలిస్తే క్యాన్సర్ భయం పెరుగుతుంది.

మీటరు పొడుగు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు గాలిలో సెకనుకు వంద అణువులకన్నా ఎక్కువ పేలకపోతే మంచిదట. మూడు వందలు దాటకూడదట. మా హాల్లో మూడు వందల పది. బావి గదిలో వెయ్యిన్నూరు.

బావి గదిలో అత్తమ్మ పడుకుంటుంది. వచ్చే నెల సంతోషి పురుడు పోసుకుని, బిడ్డతో అయిదో నెల వరకు ఉండేది ఆ గదిలోనే.

13 సెప్టెంబర్, మంగళవారం

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. కిటికీలన్నీ తెరిచాను. అత్తమ్మ నా వెనకే వస్తూ మూసింది.

16 సెప్టెంబర్, శుక్రవారం

ఇల్లు అలుకుతున్నట్టు తుడిచాను, ఏ పగులూ వదలకుండా. నేల మీద పగుళ్లు ఇన్ని ఉన్నాయని ఇన్నేళ్లలో చూడలేదు.

ఈ స్థలం మేము కొన్నప్పుడు ఇక్కడ పొలం బావి ఉండేది. రాయి పేల్చి తవ్విన బావి, అప్పటికే ఎండిపోయింది. మా మామ దాన్ని బండరాళ్లతో, మొరంతో పూడ్పించాడు. బావిని పూడిస్తే గంగమ్మ గొంతు నులిమినట్టేనని అత్తమ్మ రెండు పూటలు అన్నం ముట్టలేదు. అందుకని నడుమ ఒక నాలుగంగుళాల ఇనుప గొట్టం నిలబెట్టి, చుట్టూ పూడ్చారు. మా నల్లగొండ వైపు చాలామంది అలాగే చేస్తారు. ఆమె ఊపిరి తీసుకోవాలి కదా. తర్వాత దాని మీద గది పడింది. గొట్టం మూతి గది మూలన జానెడెత్తు లేచి ఉంది. శుక్రవారం శుక్రవారం అత్తమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెడుతుంది.

గొట్టం మూతికి అడ్డంగా ఒక పసుపు దారం ఉంటుంది. వాన వచ్చే ముందు ఆ దారం పైకి లేచి వణుకుతుంది. మబ్బు లేకపోయినా సరే. అత్తమ్మ వెంటనే డాబా మీది మిరపకాయలు తెమ్మంటుంది. పక్కింటి అమ్మాజీగారికి గోడ మీదుగా కేకేస్తుంది, అప్పడాలు తీసుకోమని. ఎప్పుడూ తప్పలేదు.

ఇవాళ మళ్లీ వచ్చిన ప్రణతికి ఈ సంగతి చెప్తే ఆమె నోరు తెరుచుకుని విన్నది. వానకు ముందు పైన గాలి బరువు తగ్గుతుందట. అప్పుడు రాళ్ల సందుల్లో ఉన్న గాలి పైకి తన్నుకొస్తుంది. రేడాన్‌ను వెంటబెట్టుకుని. అంటే వాన కబురు తెచ్చినదే దాన్నీ తెచ్చింది.

సంతోషి నాన్న సిమెంటు తెచ్చి గొట్టం మూసేద్దామన్నాడు. అత్తమ్మ గొట్టం పక్కన చాప వేసుకుని కూర్చుంది. ముందు నా నోట్ల పొయ్యి సిమెంటు, తర్వాత గంగమ్మ నోట్ల పోద్దువు అంది. ఇంకో మాట లేదు.

ఆశ్చర్యం ఏమిటంటే ప్రణతి కూడా మూయొద్దనే అంది. ఒక్క గొట్టం మూస్తే ఆ గ్యాస్ వేరే పగులు వెతుక్కుంటుంది. పగుళ్లు మూయాలి, గొట్టానికి మాత్రం దారి ఇవ్వాలి. గదిలోకి కాదు, ఇంటి కప్పు దాటి పైకి. పైన ఒక ఫ్యాన్ పెట్టి లాగాలి. అత్తమ్మ ఆమె గడ్డం పట్టుకుని, నువ్వే బిడ్డవమ్మా, వీడు కాదు అంది.

వెళ్లేటప్పుడు ప్రణతిని అత్తమ్మ ఒక మాట అడిగింది. మా ముసలోడు పన్నెండేండ్లు గీ గదిలనే పండుకున్నడు, దగ్గి దగ్గి పోయిండు, గందుకేనా అని. ప్రణతి చాలాసేపు చెప్పులు వేసుకుంది. బీడీ, ఇది రెండూ కలిస్తే ఇంకా చెడ్డదమ్మమ్మా, కానీ ఒక్క మనిషి గురించి ఇందువల్లే అని ఎవరూ చెప్పలేరు అంది. అత్తమ్మ తల ఊపింది. సాయంత్రం మామ ఫొటో తుడిచింది.

19 సెప్టెంబర్, సోమవారం

సమ్మె వాళ్లు రోడ్డు మీద పెట్టిన వంటావార్పుకు పెద్ద గంజు, రెండు గంటెలు ఇచ్చాను. అయిదు కిలోల ఉల్లిగడ్డ కోశాను. ఇవాళ్టి నుంచి బస్సులు కూడా బంద్. సంతోషి నాన్న దిల్‌సుఖ్‌నగర్ డిపోలో మెకానిక్. పెళ్లయినప్పటి నుంచి ఈ మనిషి పొద్దున తొమ్మిది గంటలకు ఇంట్లో ఉండడం నేను చూడలేదు.

గొట్టం దగ్గర గొంతుకూర్చుని అరగంట చూశాడు. తర్వాత నవ్వాడు. గిది సైలెన్సర్ పనే గదా అన్నాడు. పొగ సీట్ల కింద పుడ్తది, ప్యాసింజర్‌కు తాకకుండ బయటికి పంపాలె, గంతే కదా. నేలకు వేసే మొట్టమొదటి సైలెన్సర్ తనదేనట. అమెరికాలో వేల ఇళ్లకు ఉన్నాయని ప్రణతి ఫోన్‌లో చెప్పింది. అయితే ఎల్బీనగర్ల నాదే ఫస్ట్ అన్నాడు.

22 సెప్టెంబర్, గురువారం

పైపు ఎక్కడ దొరుకుతుంది? దుకాణాలన్నీ బంద్.

అమ్మాజీగారి భర్త పట్టాభిగారిది దిల్‌సుఖ్‌నగర్‌లో పైపులు, మోటార్ల షాపు. వాళ్లది ఏలూరు వైపు. పదిహేనేళ్లుగా పక్కింట్లో ఉన్నారు. సమ్మె మొదలైనప్పటి నుంచి షాపు షట్టర్ వేసి ఉంది, వాళ్ల గేటు కూడా వేసే ఉంటోంది. అమ్మాజీగారు మా ఇంటికి రావడం మానేశారు. మా హాల్లో ఎప్పుడూ డిపో మనుషులు కూర్చుని ఉంటారు, నినాదాలు రాస్తుంటారు. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. అనకపోయినా రాలేరు. నాకు అర్థమైంది, కానీ అడగలేదు.

ఇవాళ గోడ దగ్గర నిలబడి సంగతంతా చెప్పాను. ఆమె విని, మా ఆంధ్రా పైపు పెడితే మీ గంగమ్మ ఊరుకుంటుందాండీ అన్నారు. నవ్వుతూనే అన్నారు. వెనక నుంచి అత్తమ్మ అందుకుంది. ఇన్నేండ్లు నీ అప్పడాలు తడువకుండ కాపాడింది గా గంగమ్మనే గదనే, ఒక్కనాడన్న నీ ఊరేదని అడిగిందా అంది. అమ్మాజీగారు కొంగుతో ముఖం తుడుచుకున్నారు.

పైపులున్నాయి. ఏదో హోటల్ వాళ్లు ఆర్డర్ ఇచ్చి వదిలేసిన ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా ఉంది. డబ్బు మాట ఎత్తితే వినలేదు. జీతం లేని ఇంట్లో డబ్బులేంటండీ అన్నారు. ఊరికే తీసుకోనని నేను పట్టుబట్టాను. ఆమె ఆలోచించి, ఇన్నేళ్లుగా వింటున్నాను, పిన్నిగారు నన్ను ఆ గదిలోకి రానివ్వలేదు, అంతా సద్దుమణిగాక ఆ ఊపిరేంటో నన్నొకసారి చేత్తో చూడనివ్వండి, అదే నాకు మీరు బాకీ అన్నారు.

రాసుకున్నాను.

25 సెప్టెంబర్, ఆదివారం

పట్టాభిగారు తెల్లవారుతుండగా షాపు వెనక తలుపు తీసి పైపులు బయట పెట్టారు. ఆటోలు లేవు, ట్రాలీలు లేవు. సంతోషి నాన్న, డిపో వాళ్లు ఇంకో ముగ్గురు భుజాల మీద మోసుకుంటూ నడిచారు. చైతన్యపురి దగ్గర ఊరేగింపు ఎదురైందట. అంత పొడుగు పైపులు చూసి జెండా కర్రలనుకున్నారు. ఒకాయన వచ్చి చివర జెండా కట్టేశాడు. కొత్తపేట దాకా వీళ్ల పైపు వెనక జనం నినాదాలు చేస్తూ నడిచారు. ఇది బావి గొట్టం అని చెప్పే సందు దొరకలేదట.

ఇంటికొచ్చాక జెండా విప్పి మడతపెట్టి నాకిచ్చాడు. అమ్మాజీగారు వాళ్ల డాబా మీద నిలబడి చూస్తూ, మా పైపు ఉద్యమంలో చేరిపోయిందన్నమాట అన్నారు. ఈ పది రోజుల్లో ఆమె గట్టిగా నవ్వడం ఇప్పుడే విన్నాను.

27 సెప్టెంబర్, మంగళవారం, రాత్రి

ఎంగిలిపూల బతుకమ్మ. తంగేడు దొరకలేదు, గునుగుతోనే పేర్చాను.

పని అయింది. ఇనుప గొట్టం మీద పైపు తొడిగి, వెంటిలేటర్ గుండా బయటికి తీసి, గోడ వెంబడి పిట్టగోడ దాటించారు. ఫ్యాన్ డాబా మీదే పెట్టాలని ప్రణతి గట్టిగా చెప్పింది, గది లోపల పెడితే దాని పై జాయింట్లు కారినా గ్యాస్ ఇంట్లోకే వస్తుందట. నేల పగుళ్లన్నీ మూశారు. గది లోపల పైపు పక్కకు ఒక నోరు వదిలి, దానికి తిప్పి బిగించే మరల మూత పెట్టాడు సంతోషి నాన్న. విప్పరాని చోట ఏదీ బిగించకూడదని ఆయన డిపో నియమం.

అత్తమ్మ దారం గొడవ పెట్టింది. వాన సంగతి ఎట్ల తెలుస్తదిరా అంది. పైపు పైకొనకు పసుపు గుడ్డ కట్టాడు, ఫ్యాన్ ఆగినప్పుడు దాన్ని చూడమని.

ప్రణతి ఒక డిజిటల్ మీటర్ తెచ్చి గదిలో పెట్టింది. మొదట తొమ్మిది వందల చిల్లర. సాయంత్రానికి నాలుగు వందలు. నేను బతుకమ్మ ఆడి వచ్చేసరికి రెండు వందల పది. కళ్ల ముందు అంకెలు దిగుతుంటే చూస్తూ నిలబడ్డాను. కొండంత రాయి మా ఇంట్లోంచి వెనక్కి నడిచినట్టు అనిపించింది.

30 సెప్టెంబర్, శుక్రవారం

నూట ముప్పై. కిటికీలు మూసి ఉన్నా నూట ముప్పై.

3 అక్టోబర్, సోమవారం

ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం.

6 అక్టోబర్, గురువారం

దసరా. దవాఖాన నుంచి తీసుకొచ్చాం. చౌరస్తాలో సమ్మె వాళ్లు ఆటోను ఆపారు, లోపల పసిబిడ్డను చూసి వాళ్లే ముందు నడిచి దారి ఇప్పించారు.

బావి గది సిద్ధం. అత్తమ్మ కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కింది. బాలింతకు గాలి తగలొద్దు. ఇరవయ్యొక్క రోజులు ఇంతే. నేను వాదించలేదు. మీటర్ నూట ఇరవై అంటోంది.

బిడ్డ నిద్రలో ఊపిరి తీస్తుంటే పొట్ట లేచి పడుతోంది. ఒక పక్క ఆమె ఊపిరి, మూల గొట్టంలో ఆ పెద్దామె ఊపిరి. ఒకరికి మూడు రోజులు, ఒకరికి ఎన్ని కోట్ల ఏళ్లో.

8 అక్టోబర్, శనివారం, ఉదయం 7

ఏడు వందల ఎనభై.

రెండుసార్లు ఆపి పెట్టి చూశాను. ఏడు వందల ఎనభై. నిన్న పొద్దున నూట పాతిక ఉంది.

ఉదయం 11

గనుల్లోనూ సమ్మె, బొగ్గు లేక రోజూ గంటల కొద్దీ కరెంట్ కోత. ఫ్యాన్ ఆగినప్పుడు కొంత పెరుగుతుందని ప్రణతి ముందే చెప్పింది. కానీ ఇంత కాదు, పైపు నిటారుగా ఉంది కదా, ఫ్యాన్ లేకపోయినా కొంత దానంతటదే పైకి పోవాలి. సంతోషి నాన్న డాబా మీద జాయింట్లన్నీ తడిమి చూశాడు. అన్నీ గట్టిగానే ఉన్నాయి. కిటికీలో గుడ్డలు తీయబోతే అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. సంతోషి ఏడుపు మొహం పెట్టింది. మీరిద్దరూ ఏదో ఒకటి తేల్చండమ్మా, నన్నూ బిడ్డనూ హాల్లోకి పొమ్మంటే పోత అంది. హాల్లో డిపో వాళ్లు పదిమంది ఉన్నారు.

రాత్రి 8

ఇది వరుసగా రాయాలి.

మూడున్నరకు బిడ్డకు స్నానం చేయించాం. అత్తమ్మ నిప్పుల మీద సాంబ్రాణి వేసి బుట్ట కింద పొగ పెట్టింది, ఆ బుట్ట మీద తువ్వాలు వేసి బిడ్డ జుట్టు ఆరబెట్టింది. తలుపు మూసి ఉంది. గదంతా పొగ. అప్పుడు చూశాను. పొగ కప్పు వైపు పోవడం లేదు. సన్నగా, జడ పాయలా, మూలకు నడుస్తోంది. గొట్టం దగ్గరికి వెళ్లి, మరల మూత ఉండాల్సిన చోట లోపలికి దూరిపోతోంది. మూత గొట్టం పక్కన పీట మీద ఉంది.

ఎవరు తీశారని అడిగాను. అత్తమ్మ నేనే అంది, ఏమీ తడబడకుండా. పురుట్ల పూజ లేదు గద, మాటన్న చెప్పొద్దా, నిన్న శుక్కురారం, ఇంట్ల ఆడిబిడ్డ పుట్టిందమ్మా, సల్లగ జూడు అని గంగమ్మకు చెప్పిన. మూత పెట్టి చెప్తే ఇనబడ్తదా అంది. మళ్లీ ఎందుకు పెట్టలేదంటే, జవాబు వస్తదేమోనని అంది.

నేను ఏదో అనబోతున్నాను. అప్పుడే కరెంట్ పోయింది.

డాబా మీద ఫ్యాన్ చప్పుడు ఆగింది. పొగ కూడా ఆగింది. నడుస్తున్న మనిషి పిలుపు విని నిలబడ్డట్టు, గది మధ్యలో ఆగింది. తర్వాత తిరిగింది. గొట్టం నోట్లోంచి బయటికి, నెమ్మదిగా, నేల మీద పాకుతూ, సంతోషి మంచం కాళ్లు దాటి, ఉయ్యాల దగ్గరికి వచ్చి లేచింది.

ముగ్గురం కదల్లేదు. నేను పుట్టి బుద్ధెరిగాక చూసిన దాన్లో ఇంత పెద్దది లేదు. కనబడనిది అంటే కనబడనిదే అనుకున్నాను. సాంబ్రాణి దానికి ఒక చీర కట్టి మాకు చూపించింది.

అత్తమ్మ లేచింది. మోకాళ్ల మీద గొట్టం దగ్గర కూర్చుంది. నేను చెప్పిన మాటకు గిట్ల జవాబియ్యకు తల్లీ, నీ జాగ పైన పెట్టినం, ఆడికి పో, నేను ఆడికే ఒస్త అంది. రెండు చేతులతో మూత పెట్టి తిప్పింది. బిగించింది. ఇంకా బిగించమని కొడుకును పిలిచింది. ఆయన టేపు చుట్టి, గమ్ పూసి, డిపో నియమం పక్కన పెట్టి, ఇక విప్పరాకుండా చేశాడు.

ఆరుకు వాన పడింది. పైన పసుపు గుడ్డ అంతకు ముందే లేచిందని అమ్మాజీగారు గోడ మీదుగా చెప్పారు.

10 అక్టోబర్, సోమవారం

కరెంట్ ఉన్నప్పుడు తొంభై. పోయినప్పుడు నూట అరవై, అంతకు మించలేదు. మీటర్ ప్రణతికి ఇచ్చేశాను, మళ్లీ కప్పులు కట్టింది. అత్తమ్మ కిటికీ పైసందులో గుడ్డ ఒకటి తీసేసింది. ఎవరూ చెప్పలేదు. నేనూ చూడనట్టే ఉన్నాను.

17 అక్టోబర్, సోమవారం

బస్సులు తిరుగుతున్నాయి. ఆయన డ్యూటీకి వెళ్లాడు. నెలంతా అలవాటైన గొంతు పొద్దున తొమ్మిదికి ఇంట్లో లేదు.

5 ఫిబ్రవరి 2012, ఆదివారం

సంతోషికి కట్టిచ్చినవి: కారప్పొడి, నువ్వుల లడ్డూలు, బిడ్డ గౌన్లు, ఉగ్గు గిన్నె. వచ్చే వారం అత్తగారింటికి ప్రయాణం.

ప్రణతి రెండో ఫిల్మ్ ఫొటో తెచ్చింది. మొదటిది పక్కన పెట్టి చూపించింది. అదే గది, అదే మూల, అంతే రోజులు. జల్లెడ లేదు. ఆరబోసిన బియ్యంలో మిగిలిన రాళ్లలా అక్కడొకటి ఇక్కడొకటి. డెబ్బై అయిదు. హాల్లో అరవై. సున్నా ఎప్పటికీ కాదట, బయటి గాలిలో కూడా కాస్త ఉంటుంది. దానికి నేను బాధపడలేదు. మనం ఆ వంశం వాళ్ల రాయి మీద ఉంటున్నాం, వాళ్లు మన గాలిలో కొంచెం ఉండరా.

రెండో ఫొటో ప్రింట్ అడిగి తీసుకున్నాను. బిడ్డ సామాన్లలో పెట్టాను. అత్తమ్మ దానికి బొట్టు పెట్టింది.

18 జూన్ 2012, సోమవారం

మబ్బు లేదు, కరెంట్ లేదు. డాబా మీద పసుపు గుడ్డ లేచింది. అమ్మాజీగారిని పిలిచాను. అత్తమ్మే చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించింది. కరెంట్ వచ్చినా తిరగకుండా ఫ్యాన్ స్విచ్ ఆపాను, గంగమ్మ ఊపిరి గంగమ్మదే ఉండాలని. అమ్మాజీగారు గొట్టం నోటి మీద అరచెయ్యి పెట్టారు. వాన మొదలైంది. వాళ్ల డాబా మీద అప్పడాలు తడుస్తున్నాయి. చెయ్యి తియ్యలేదు.

పైపుల బాకీ, ఫ్యాన్ బాకీ తీరింది.